మర్దింపు లేని రొట్టె: బీరుతోను, మజ్జిగతోను

రొట్టెలో బీరు పోయుదురన్న మాట చెవిని బడినంతనే మన సోదరీమణులలో ననేకులు ముక్కుపై వ్రేలు వైచుకొందురు. అమెరికాలోను ఆస్ట్రేలియాలోను ఇది యేమంత వింత కాదు. అచ్చటి గృహిణులు, ముఖ్యముగా ఇంటిపనిని బయటి యుద్యోగమును గూడ మోయువారు, సాయంకాలము కూర పొయ్యిమీద ఉడుకుచుండగనే ఒక గిన్నెలో పిండియు, బేకింగు పౌడరును, చక్కెరయు, ఉప్పును కలిపి, దానిలో నొక డబ్బా బీరు గ్రుమ్మరించి, గరిటెతో నాలుగు త్రిప్పులు త్రిప్పి, మూసలో పోసి ఓవెనులో నుంచెదరు. గంట గడచునప్పటికి రొట్టె సిద్ధమగును. చేతికి పిండి యంటదు. పిసుకుట లేదు, పిండి పొంగువఱకు కాచుకొని కూర్చుండుటయు లేదు. ఆ దేశములకు వెళ్లి కాపురములు పెట్టుకొన్న మన తెలుగు స్త్రీలకు ఇరుగుపొరుగు వారి యిండ్లలో ఈ రొట్టె యెప్పుడో యొకప్పుడు ఎదురగుచునే యుండును. దీనిని తినవచ్చునా? పిల్లలకు పెట్టవచ్చునా? ఆ బీరు మా యింటికి వలదనుకొన్నచో బదులేమి పోయవచ్చును? ఈ ప్రశ్నలు సహజముగానే పుట్టును. వానికి నోటిమాటగా వినవచ్చు సమాధానములలో కొన్ని నిజము కావు. కావున ఈ రొట్టె సంగతి కొంచెము వివరముగా తెలిసికొందము.

రొట్టెకును బీరుకును గల చుట్టరికము నేటిది కాదు. రెంటికిని మూలము ధాన్యమే. రెంటిని పులియించునదియు ఈస్టు అను సూక్ష్మజీవియే. యవలను మొలకెత్తించి, యెండబెట్టి, నలియగొట్టి, వేడినీట నానబెట్టి తీసిన తియ్యని రసమును పులియబెట్టినచో బీరగును. గోధుమపిండిని తడిపి పులియబెట్టి కాల్చినచో రొట్టె యగును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి రోమను గ్రంథకర్త ప్లినీ తన ప్రకృతిచరిత్రలో నొక విశేషమును చెప్పియున్నాడు. గాల్, స్పెయిను దేశములవారు ధాన్యముతో పానీయము తయారుచేయునపుడు పైకి తేలు నురుగును తీసి రొట్టెపిండిలో కలుపుదురట. అందువలన వారి రొట్టెలు తక్కిన జనుల రొట్టెలకంటె తేలికగా నుండునట. ఇంగ్లండులో గూడ బీరు కాచుచోటనుండి నురుగు తెచ్చి రొట్టెను పొంగించుట పందొమ్మిదవ శతాబ్దము వఱకు సామాన్యముగ నుండెను.

మన దేశములోను దీనికి జోడు లేకపోలేదు. కేరళమున వెల్లయప్పమునకు పిండిని కల్లు పోసి పులియబెట్టుట పూర్వాచారము. పోర్చుగీసువారివలన రొట్టె చేయుట నేర్చిన గోవావారు ఈస్టునకు బదులుగా కొబ్బరికల్లునే చాలకాలము వాడిరి. ఆ యప్పము తిన్నవారిని కల్లు త్రాగినవారని యెవరును అనలేదు!

అయితే నేటి బీరురొట్టెను పొంగించునది బీరులోని ఈస్టు కాదు. ఈ సంగతి ఆ రొట్టెను చేయువారిలోనే చాలమందికి తెలియదు. అంగడిలో దొరకు బీరులో నధికభాగము వడగట్టియో, వేడిచేసియో ఈస్టును తొలగించినదే. ఒకవేళ కొంత మిగిలియున్నను, కలిపిన వెంటనే ఓవెనులోనికి బోవు పిండిలో దానికి పనిచేయ వ్యవధి యేది? బీరులోని బుడగలు కొంత తోడ్పడును గాని, వానిలో చాలభాగము పోయునప్పుడును కలుపునప్పుడును ఎగిరిపోవును. పొంగించు భారమంతయు బేకింగు పౌడరుదే. బీరు ఇచ్చునది రుచి, వాసన, తడి.

ఈ పౌడరు పుట్టుకలో నొక యిల్లాలి యనారోగ్యము కలదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరమున ఆల్ఫ్రెడ్ బర్డ్ అను మందుల వర్తకుడుండెను. అతని భార్యకు గ్రుడ్డు సరిపడదు; ఈస్టు వేసిన రొట్టెయు సరిపడదు. ఆమెకొఱకు ఆతడు 1837లో గ్రుడ్డు లేని కస్టర్డును, 1843లో ఈస్టు లేకయే రొట్టెను పొంగించు పౌడరును కనిపెట్టెను. భార్య తినదగిన రొట్టెకొఱకు కొట్టులో కూర్చుండి పొడులు నూఱిన భర్తలు చరిత్రలో నెందఱుందురో నాకు సందేహమే. తరువాత 1845లో బ్రిస్టలు నగరపు హెన్రీ జోన్సు అను రొట్టెల వర్తకుడు ఇట్టి పొడులను ముందుగనే కలిపిన పిండికి పేటెంటు పొందెను. తనంతట పొంగు పిండి యని నేటికిని దానిని విదేశములలో నమ్ముచున్నారు. అమెరికా, ఆస్ట్రేలియాలలో బీరురొట్టెకు తఱచుగా వాడునది ఈ పిండియే.

బేకింగు పౌడరులో నున్నవి ముఖ్యముగా మూడు: వంటసోడా, పొడిగా నున్న పులుపు ఉప్పు, ఈ రెంటిని తడి తగులకుండ కాపాడు పిండి. పొడిగా నున్నంతకాలము సోడాయు పులుపును ఒకదాని జోలికి మఱియొకటి పోవు. తడి తగిలినంతనే రెండును కలిసి బొగ్గుపులుసు వాయువును విడుచును. నేడు దొరకు పౌడరులలో ననేకము తడికి కొంత, వేడికి మిగిలినంత, ఈ విధముగా రెండు మాఱులు పనిచేయును. ఆ వాయువు పిండిలో చిక్కుకొని పొంగించుచుండగనే ఓవెను వేడికి పిండి గట్టిపడి, బుడగలు నిలిచిన చోటులెల్ల గుల్లలగును.

పిసుకుట యేల యక్కఱలేదో యిచ్చటనే తెలియును. గోధుమపిండిని తడిపి మర్దించినకొలది దానిలో గ్లూటెను అను సాగెడు జిగురు ఏర్పడును. ఈస్టు గంటలకొలది మెల్లమెల్లగా వాయువును పుట్టించును గనుక, ఆ వాయువును అంతసేపు పట్టియుంచుటకు బలమైన వల కావలెను. ఆ వలకొఱకే మర్దింపు. బేకింగు పౌడరు తన పనిని నిమిషములలో ముగించును. దానికి వల యక్కఱలేదు, పలుచని తెర చాలును. పైగా ఈ పిండిని ఎక్కువసేపు కలిపినచో జిగురు బలిసి రొట్టె తోలువలె సాగును. మన యిండ్లలో పిండి యేదైనను ఉండ కట్టకుండ కలుపుట పనితనము. ఇచ్చట ఆ యలవాటును కొంచెము మఱచిపోవలెను. పొడిపిండి కనబడకుండ కలిసిన వెంటనే గరిటె తీసివేయవలెను. చిన్నచిన్న యుండలు మిగిలినను అవి ఓవెనులో వానంతట అవియే కలిసిపోవును.

ఇక చేయు విధము. మైదాపిండి 375 గ్రాములు, బేకింగు పౌడరు ఒక పెద్ద చెంచా (15 మి.లీ. కొలత), ఉప్పు ఒక చిన్న చెంచా, చక్కెర రెండు మూడు పెద్ద చెంచాలు, బీరు 350 మి.లీ., వెన్న 50 గ్రాములు. పిండిని తప్పక జల్లించవలెను. గిన్నెతో కొలుచు నలవాటు గలవారు సంచిలో గిన్నె ముంచి అదిమి తీసినచో పిండి హెచ్చయి రొట్టె యిటుకవలె నగును. ఈ రొట్టె చెడుటకు తఱచుగా కారణ మిదియే గనుక త్రాసులో తూచుట మేలు. పొడి వస్తువులన్నియు ముందుగా బాగుగా కలిపి, ఓవెను 190 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి వచ్చిన తరువాతనే బీరు పోయవలెను. ముందుగా కలిపి ఓవెనుకొఱకు కాచుకొన్నచో బుడగలు గాలిపాలగును. పిండి గారెలపిండివలె గట్టిగా గాక, దోసెలపిండివలె జాఱుగను గాక, గరిటెనుండి ముద్దలుగా జాఱిపడవలెను.

మూసకు వెన్న రాచి, పిండిని దానిలోనికి దింపి, మిగిలిన వెన్నను కరగించి పైన పోయవలెను. ఇంత వెన్నయా యని సంకోచింపవలదు. అది అంచుల వెంబడి జాఱి, రొట్టెకు కరకరలాడు పెచ్చు నిచ్చును. ఈ రొట్టెకు ఆ పెచ్చే యందము. సుమారు యేబది నిమిషములు మొదలుకొని గంటవఱకు కాలవలెను. నడుమ సన్నని పుల్ల గ్రుచ్చి తీసినచో తడిపిండి యంటకుండ రావలెను. వెలుపలికి తీసిన తరువాత పది నిమిషములు మూసలోనే యుంచి, పిదప జల్లెడవంటి దానిపై బోర్లించి చల్లార్చవలెను. వేడివేడిగా కోసినచో లోపల బంకగా నుండును. పిల్లలు కత్తి పట్టుకొని చుట్టును నిలిచియుందురు. అయినను అరగంట ఓర్చుకొనుట మంచిది.

బీరు ఎట్టిదైనను ఒక్కటియే యనుకొనరాదు. బీరునకు చేదు నిచ్చునది హాప్సు అను తీగకు పూచు పూవులు. ఆ చేదు ఓవెను వేడికి ఆవిరియై పోదు. నీరు కొంత యింకిపోవుటచే ఇంకను తెలియవచ్చును. కావున మిక్కిలి చేదైన బీరుతో చేసిన రొట్టె వేపపూత కలిపినట్లుండును. పచ్చని తేలిక బీరుతో చేసినది సామాన్యమైన తెల్లరొట్టె రుచికి దగ్గఱగ నుండును. మాడ్చిన యవలతో చేసిన నల్లబీరు కొంచెము కాఫీని తలపించు రుచి నిచ్చును. దానికి చక్కెర యొక చెంచా ఎక్కువ పట్టును.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఓవెనులో పెట్టగానే బీరులోని సారాయమంతయు ఎగిరిపోవునని చాలమంది చెప్పుదురు. అది నిజము కాదు. సారాయము 78 డిగ్రీలకే మరుగుననుట సత్యమే కాని, నీటితో కలిసియున్నప్పుడు నీటిని విడిచి తానొక్కటియే పూర్తిగా లేచిపోదు. రొట్టె కాలిన తరువాత లోపల తడి మిగిలినట్లే సారాయమును కొంత మిగులును. అమెరికా వ్యవసాయశాఖ ప్రకటించిన పట్టికల ప్రకారము, వంటలో కలిపి పదునైదు నిమిషములు ఉడికించినను కాల్చినను నూటికి 40 వంతులును, అరగంటకు 35 వంతులును, గంటకు 25 వంతులును మిగిలియుండును. రెండున్నర గంటలు గడచినను నూటికి 5 వంతులు మిగులును. పాత్ర వెడల్పును బట్టియు, వంటను బట్టియు నీ లెక్క కొంత మాఱును గాని, సున్న మాత్రము కాదు.

దీనినిబట్టి మన రొట్టెకు లెక్క కట్టి చూతము. నూటికి 5 వంతుల సారాయము గల బీరు 350 మి.లీ.లలో సుమారు 14 గ్రాముల సారాయముండును. గంట కాలిన పిదప నాలుగవ వంతు, అనగా మూడున్నర గ్రాములు మిగులుననుకొందము. రొట్టెను పండ్రెండు ముక్కలు చేసినచో ముక్క కొక్కింటికి 0.3 గ్రాముల లోపు వచ్చును. ఇది మిక్కిలి స్వల్పము. ఈస్టుతో పులిసిన సామాన్యమైన రొట్టెలో గూడ లేశమాత్రము సారాయముండును. ఆరోగ్యవంతుడగు పెద్దవాని కిది లెక్కలోనికి రాదు. మత్తు కలుగునను భయము వలదు.

అయినను ముక్క చిన్నదని యూరకుండరాని యిండ్లు కొన్ని కలవు. త్రాగుడు మాన్పించుటకై వైద్యులు ఇచ్చు డైసల్ఫిరాము అను మందు నెఱిగినవారు మనలో ననేకులుందురు. ఆ మందు వాడుచున్నవారికి సారాయము కొంచెము కడుపులోనికి పోయినను ముఖమెఱ్ఱబాఱి, గుండెదడయు వాంతులును కలుగవచ్చును. అందువలననే దగ్గుమందులలోను, కొన్ని పులుసులలోను ఉండు సారాయమును గూడ కనిపెట్టి చూచుకొనుమని వైద్యులు వారిని హెచ్చరింతురు. అట్టివారికి ఈ రొట్టె పెట్టనే కూడదు. మందు వాడకపోయినను, త్రాగుడు విడిచి దినములు లెక్కపెట్టుకొనుచున్న భర్తయో, తమ్ముడో యింట నున్నచో, వంటయింట బీరు డబ్బా తెఱచిన వాసనయే వానికి శత్రువు. ఇట్టి యింట రొట్టెకొఱకని బీరు తెప్పించుట తెలివిగల పని కాదు. మతనియమముచేతనో, వ్రతముచేతనో సారాయమును ముట్టని యతిథులకు ముందుగా చెప్పకుండ వడ్డించుటయు తగదు. తెలియక తిన్నదానికి దోషము లేదని మనము సమాధానపడవచ్చును, తిన్నవారు పడవద్దా? పసిపిల్లల విషయములో నా యభిప్రాయ మడిగినచో, వారికి బీరురొట్టె వలన వచ్చు లాభమేమియు లేదు గనుక, క్రింద చెప్పబోవు మజ్జిగరొట్టెయే పెట్టుమందును.

స్త్రీల పత్రికలో బీరు మాట యేల యని కొందఱు కోపింపవచ్చును. ఆ కోపమునకు ఆంధ్రదేశములో తగిన కారణము కలదు. 1992లో నెల్లూరు మండలమందలి దూబగుంట గ్రామపు స్త్రీలు, అక్షరములు దిద్దుకొనుచుండిన దినములలోనే, తమ యూరి సారాదుకాణముపై తిరుగబడిరి. ఆ కదలిక జిల్లాలు దాటి ప్రాకెను. 1993 అక్టోబరులో రాష్ట్రమున సారా యమ్మకము నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో దానిని సడలించిరి. కూలిడబ్బులు దుకాణము పాలగుట చూచి యేడ్చిన తల్లులకు, బీరు రొట్టెలో పోసినను గ్లాసులో పోసినను కంట బడునది బీరే. వారితో వాదించుటకు నాకు నోరు రాదు. అయితే పరదేశములలోను, మన నగరములలోను ఈ రొట్టె భోజనపు బల్లలపైకి వచ్చుచున్న మాట వాస్తవము. దానిలో నేమున్నదో యెఱుగక తినుటకంటె నెఱిగి తినుటయో, మానుటయో మేలని యింత వ్రాసితిని.

బీరు వలదనుకొన్నవారికి దారులు రెండున్నవి. మొదటిది, సారాయము తీసివేసిన బీరు. కొలతలు మార్చనక్కఱలేదు; రుచియు ఇంచుమించు అదియే. అమెరికాలో నూటికి అరవంతు లోపు సారాయమున్నచో అట్టి పేరుతో నమ్మవచ్చును గనుక, డైసల్ఫిరాము వాడువారి కిదియు వలదు. రెండవది మజ్జిగ. దీనిని నేను మనసార మెచ్చుకొందును.

మజ్జిగరొట్టె ఐర్లండు దేశపు పేదయిండ్ల రొట్టె. ఆ దేశపు తడిగాలికి పండు గోధుమలో జిగురు తక్కువ. ఈస్టు రొట్టెకు అవి యంతగా పనికిరావు. 1830 ప్రాంతములనుండి వంటసోడా అచ్చటి పల్లెలకు రాసాగినది. ఇంట ఆవులున్నవి, వెన్న చిలికిన పిదప మజ్జిగ మిగులుచునే యున్నది. మజ్జిగలోని పులుపు సోడాతో కలిసి వాయువు పుట్టించును. ఆ మెత్తని గోధుమపిండికి అంతకంటె తగిన జోడు లేదు. ఓవెను లేని యిండ్లలో బరువైన ఇనుపపాత్రలో పిండినుంచి, మూత పెట్టి, మూతమీద నిప్పులు పఱచి కాల్చుచుండిరి. దళసరి గిన్నెలో మినపరొట్టెను క్రింద మీద నిప్పులు పెట్టి కాల్చిన మన ముసలమ్మలకు ఈ పద్ధతిని కొత్తగా నేర్పవలసిన పని లేదు.

మైదాపిండి 450 గ్రాములు, వంటసోడా తలగొట్టిన చిన్న చెంచా ఒకటి, ఉప్పు చిన్న చెంచా ఒకటి, పులిసిన మజ్జిగ సుమారు 400 మి.లీ. ఇంతే సామగ్రి. పిండిలో సగము గోధుమపిండి వేసినను బాగుండును. అప్పుడు మజ్జిగ కొంచెమెక్కువ పట్టును. సోడాను ఉండలు లేకుండ నలిపి జల్లించవలెను. ఇందు మాత్రము ఉండ మిగులరాదు. మిగిలినచోట పసుపుపచ్చని మచ్చపడి సబ్బు రుచి వచ్చును. సోడా హెచ్చు వేసినచో హెచ్చు పొంగునను భ్రమ కొందఱికి కలదు. పులుపునకు మించిన సోడా రొట్టెలోనే మిగిలిపోయి రుచిని చెఱచును. మన మజ్జిగ పెరుగు చిలికి చేసినదే గనుక దీనికి చక్కగా సరిపోవును; అయితే చల్లకవ్వము క్రింద అప్పుడే చిలికిన కమ్మని మజ్జిగకంటె, ఒకపూట నిలువయుండి పులిసినది మేలు. నీరు మిక్కిలిగా పోసి పలుచ చేసినది పనికిరాదు.

మజ్జిగ పోసి, చేతితోనే నాలుగు మాఱులు కలిపి, గుండ్రని దిబ్బగా చేర్చి, పైన కత్తితో లోతుగా ఇంటూగుర్తువలె గీయవలెను. ఆ గీత వెంబడి వేడి లోపలికి పోయి నడిమిభాగము పచ్చిగా మిగులకుండును. మొదట 230 డిగ్రీల వేడిలో పదునైదు నిమిషములు, తరువాత 200 డిగ్రీలకు తగ్గించి మఱి అరగంట. రొట్టెను త్రిప్పి అడుగున వ్రేలితో తట్టినచో డొల్ల చప్పుడు వచ్చెనా, కాలినట్లు. పెచ్చు మెత్తగా కావలెనన్నచో వేడి రొట్టెను శుభ్రమైన గుడ్డలో చుట్టియుంచవలెను.

ఈ రెండు రొట్టెలును నిలువయుండునవి కావు. మఱునాటికే యెండుట మొదలిడును. మఱునాడు ముక్కలు కోసి పెనముమీద నేతితో ఎఱ్ఱగా కాల్చినచో మరల ప్రాణము వచ్చును. అచ్చటివారు వీనిని చిక్కని కూరగాయల పులుసుతో తిందురు. మన యింట మజ్జిగరొట్టెకు టమాటాపప్పు బాగుగ కుదురును. అల్లపుపచ్చడియు బాగుండును గాని, పైన వెన్న రాచుట మఱువరాదు.